పాఠమును మరల చూచుట

ఉపాధ్యాయ వృత్తియందు ఒక చిక్కు గలదు. శిల్పి తాను చెక్కిన విగ్రహమును దూరముగా నిలిచి చూచుకొనగలడు. వంటవాడు తన వంటను తానే రుచి చూడగలడు. ఉపాధ్యాయుడు మాత్రము తన పాఠమును తాను చూడజాలడు; గంట మ్రోగగానే అది గాలిలో కలిసిపోవును. భాషోపాధ్యాయుని విషయమున ఈ చిక్కు మరింత బిగువైనది. గణితము చెప్పువానికి మాట సాధనము మాత్రమే. భాష చెప్పువానికో, మాటయే సాధనము, మాటయే పాఠము. తాను పలికినదెంత, పిల్లలచే పలికించినదెంత యను లెక్క అతనికి జ్ఞాపకముండదు. ఈ కొరత తీర్చుటకై గడచిన డెబ్బది యేండ్లలో జరిగిన ప్రయత్నములను గూర్చి శ్రోతలకు కొంత మనవి చేయుదును.

తొలుత మనుష్యుడే యంత్రము. అమెరికాలో నెడ్ ఫ్లాండర్సు అను విద్యావేత్త తరగతిలో ఒక పరిశీలకుని కూర్చుండబెట్టి, 3 సెకనుల కొకసారి ఒక అంకె వ్రాయించెడివాడు. అంకెలు 10. అందు 7 ఉపాధ్యాయుని మాటలకు, 2 విద్యార్థుల మాటలకు, మిగిలిన యొక్కటి నిశ్శబ్దమునకును గందరగోళమునకును కలిపి. పది నిమిషములకు 200 అంకెలు! వ్రాయువాని చేయి నొప్పి మాట అటుండ, తేలిన ఫలితమును వినుడు. తరగతి కాలములో మూడింట రెండు పాళ్లు ఎవరో యొకరు మాటలాడుచుందురు. ఆ మాటలలో మూడింట రెండు పాళ్లు ఉపాధ్యాయునివే.

భాషలు నేర్పువారికి ఈ పట్టిక చాలలేదు. మాట ఏ భాషలో నడచెనో అది చెప్పదు. ఇంగ్లీషు తరగతిలో ఉపాధ్యాయుడు తెలుగులో గద్దించినను, ఇంగ్లీషులో గద్దించినను అంకె యొక్కటే. 1971లో గెర్ట్రూడ్ మాస్కోవిట్జు అను నామె ఈ పట్టికను పరభాషా తరగతులకు అనుగుణముగా మార్చి, మాతృభాష వాడినచో వేరొక గుర్తు పెట్టించెను. నిశ్శబ్దమును గందరగోళమును వేరుచేసెను. నా దృష్టిలో ఈ రెండవది చిన్న సవరణ కాదు. క్రొత్త భాషలో వాక్యము కూర్చుకొనుచున్న బాలుని మౌనమును అల్లరితో జతకట్టుట అన్యాయము గదా!

ఇక యంత్రము సంగతి. 1956లో ఆంపెక్సు సంస్థవారు వీడియో టేపు యంత్రమును వెలువరించిరి. అది బీరువాలకు తీసిపోని పరిమాణము గలది. టేపు రెండంగుళముల వెడల్పు. వెల సుమారు 50,000 డాలర్లు. బడులకు అందునది కాదు. అయినను 1963 ప్రాంతమున స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున డ్వైట్ అల్లెన్ ప్రభృతులు, ఉపాధ్యాయులు కానున్నవారిని నలుగురైదుగురు పిల్లల యెదుట నిలిపి, 5 నిమిషముల పాఠము చెప్పించి, దానిని టేపుపై పట్టి వెంటనే వారికే చూపసాగిరి. లోపము సవరించుకొని వేరు పిల్లలకు అదే పాఠము మరల చెప్పవలెను. ఇదియే సూక్ష్మబోధన. 1967లో సోనీవారి భుజమున మోయదగిన యంత్రము వచ్చిన పిమ్మట టేపు మామూలు బడి గడప త్రొక్కుటకు వీలయ్యెను.

అదే 1967లో అలహాబాదున డి. డి. తివారి ప్రయత్నముతో సూక్ష్మబోధన మన దేశమున ప్రవేశించెను. కాని మన కళాశాలలకు యంత్రమేది? తోడి శిక్షణార్థులే పిల్లలుగా నటించి, వారే తప్పొప్పులు చెప్పు పద్ధతి యొకటి స్థిరపడెను. బోధనకు 6 నిమిషములు, విమర్శకు 6, పునఃప్రణాళికకు 12, మరల బోధనకు 6, మరల విమర్శకు 6, వెరసి 36. చవకగా పని జరిపిన ఈ తెలివిని నేను మెచ్చుకొందును. కాని భాషాపాఠమునకు ఇది సరిపడదు. పిల్లవానిగా నటించు స్నేహితునకు ఇంగ్లీషు వచ్చును. అతని మౌనము నిజమైన మౌనము కాదు.

యంత్రమున్నచోట వేరొక తంటా. 1973లో ఫ్రాన్సెస్ ఫుల్లరు, బ్రాడ్ మానింగు అనువారు అప్పటి పరిశోధనలను సమీక్షించి, తన్ను తాను తెరపై చూచుకొనుట మనసునకు ఒత్తిడి కలిగించు పనియని హెచ్చరించిరి. ఏమి చూడవలెనో చూపు తోడు ఉండవలెను. నేను శిక్షణ పని చేసిన రోజులలో ఒక తెలుగు పండితురాలు తన పాఠమును తెరపై చూచి, మొదట తన చీరను గూర్చియు గొంతును గూర్చియు మాత్రమే మాటలాడెను. రెండవమారు చూచునప్పుడు ఒక్క సంగతి లెక్కింపుమంటిని: ప్రశ్నకు, తానే చెప్పు జవాబునకు నడుమ ఎన్ని సెకనులు? పద్యభావ మడిగిన ప్రతిసారి ఒక సెకనుకు మించి ఆమె ఆగలేదు. అమెరికాలో మేరీ బడ్ రో విజ్ఞాన పాఠముల ధ్వనిటేపులనుండి 1974లో ప్రకటించిన లెక్కయు దాదాపు ఇదియే. 3 సెకనులాగినచో పిల్లల జవాబులు నిడివియగునని ఆమె చూపెను. మా పండితురాలు ఆగుట నేర్చుకొనెను. అందుకు నా ఉపదేశ మక్కరలేకపోయెను.

కాని అదే టేపు అధికారి చేతికి పోయిన నేమగును? నేనెరిగిన యొక సంస్థ ఈ చిత్రములను తెప్పించుకొని జీతపు హెచ్చింపు నిర్ణయింపబూనెను. మరుసటి నెలనుండి అచటి పాఠములన్నియు నాటకములయ్యెను. పిల్లలకు జవాబులు ముందే నేర్పియుంచిరి; ప్రశ్న ముగియకముందే చేతులు లేచుచుండెను. చూచుటకు ముచ్చటగా నుండెను. చూచి నేర్చుకొనుటకు అందేమియు లేకపోయెను. చిత్రము ఎవరి సొత్తు, ఎవరు చూతురు, ఎప్పుడు చెరిపివేయుదురు అను మూడు ప్రశ్నలకు కెమేరా తెరచుటకు ముందే జవాబుండవలెను. అందలి పిల్లల ముఖములకును వారి తల్లిదండ్రుల సమ్మతి కావలెను.

నేడు జేబులోని ఫోనే కెమేరా. యంత్రము కొరత తీరినది. 1977లో జాన్ ఫాన్సెలో అను ఇంగ్లీషు బోధనాచార్యుడు, ఒకే సంఘటనను నలుగురు నాలుగు విధములుగా చెప్పు 'రషోమాన్' అను జపాను చలనచిత్రమును తలచుచు ఒక వ్యాసము వ్రాసెను. తీర్పు చెప్పుటకు ముందు జరిగినదానిని ఉన్నదున్నట్లు వర్ణింపుడని ఆయన బోధ. అందులకు నా కెరుకైన మేలైన సాధనము కాగితము, కలము. చిత్రములో 5 నిమిషములు ఎంచుకొని, ఎవరేమనిరో మాట విడువక వ్రాయవలెను. ఆ అయిదు నిమిషములను వ్రాయుటకు గంటకు పైగా పట్టును. ఆ గంటను ఉపాధ్యాయునకు పనివేళలలోనే యిచ్చు బడి ఇంతవరకు నా కంటబడలేదు.