చెవితో గాలిని తూచినవాళ్లు

కార్బరేటర్ మీద చెయ్యి వేసే ముందు ఆ ముసలి మెకానిక్ అడిగే మాట ఒక్కటే. “యా పక్క పోతావు సార్? పొద్దున్నే పోతావా, మద్దేనమా?”

చిన్నప్పుడు మా మేనమామ వెంట కర్నూలు పాతబస్తీలోని ఆ షెడ్డుకు వెళ్లిన ప్రతిసారీ ఈ ప్రశ్న విన్నాను. మంచీ చెడ్డా అడిగే మర్యాద అనుకునేవాణ్ని. అది కొలత అని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. మామది యెజ్డీ మోటారు సైకిల్. పొద్దున చల్లగా ఉండగానే నంద్యాలకు బయలుదేరి, ఎండ నడినెత్తిన ఉండగా తిరిగొచ్చేవాడు. పొద్దుటి గాలికి కుదిరిన సెట్టింగు మధ్యాహ్నం గాలికి కుదరదు. రెంటికీ నడుమ ఎక్కడో ఒకచోట బండిని నిలబెట్టాలంటే, మనిషి ఎటు పోతాడో ఎప్పుడు పోతాడో మెకానిక్కుకు తెలియాలి.

పాత మోటారు సైకిళ్ల గురించి రాసేవాళ్లు ఫ్యాక్టరీల గురించి, మోడళ్ల గురించి రాస్తారు. ఆ బండ్లను మన ఎండకు, మన దుమ్ముకు అలవాటు చేసిన మనుషుల గురించి రాసినవాళ్లు నాకు కనిపించలేదు. ఆ పని అంతా అరచేతిలో ఇమిడే ఒక లోహపు డబ్బాలో, ఒక చిన్న ఇత్తడి స్క్రూ దగ్గర జరిగింది.

దోమల మందు కొట్టే పాత ఫ్లిట్ పంపు గుర్తుందా? చేత్తో గాలి తోస్తే, ఆ గాలి సన్నటి గొట్టం మూతి మీదుగా వేగంగా పోతుంది. అడుగున డబ్బాలోని మందు తనంతట తానే పైకి లేచి తుంపరలై చిమ్ముతుంది. కార్బరేటర్ చేసేదీ అదే. పిస్టన్ కిందికి దిగినప్పుడు గాలిని లాగుతుంది. ఆ గాలి ఇరుకు దారిలో వేగం పుంజుకుంటుంది, అక్కడ పీడనం పడిపోతుంది, కింద గిన్నెలోని పెట్రోలు జెట్టు గుండా ఎగబాకి గాలిలో కలుస్తుంది. ఇరుకు దారిలో పీడనం తగ్గే ఈ సంగతిని ఇటలీకి చెందిన జొవాన్నీ బత్తిస్తా వెంచూరి 1797లోనే వివరించాడు. దాన్ని ఇంజనుకు పనికొచ్చేలా మలిచింది మాత్రం దాదాపు వందేళ్ల తర్వాత. 1893లో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్, హంగరీలో దొనాత్ బాంకి, యానోష్ చోంకా జంట ఎవరికి వారే తుంపర కార్బరేటర్‌ను రూపొందించారు. పూలమ్మే అమ్మాయి పూల మీద నీళ్లు చిలకరించడం చూసి బాంకికి ఆ ఊహ తట్టిందని బుడాపెస్ట్‌లో చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ నాకిష్టమైన కథ.

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. కార్బరేటర్‌కు గాలి బరువు తెలియదు, దానికి తెలిసింది గాలి వేగం ఒక్కటే. గాలి పలచబడినా అది పెట్రోలును ఇంచుమించు అంతే పోస్తుంది. జనవరి పొద్దున 20 డిగ్రీల దగ్గరుండే కర్నూలు గాలి మే మధ్యాహ్నం 43కి చేరితే, అదే లీటరు గాలి సుమారు 7 శాతం తేలికవుతుంది. పెట్రోలు పాలు ఎక్కువవుతుంది. బండి మొద్దుబారుతుంది, సైలెన్సర్ మూతి నల్లబడుతుంది. సీమ ఎండ మనుషుల్ని వేధించడమే కాదు, ఈ లెక్కనూ తప్పించేది.

ఆ లెక్క మొదట వేసింది వేరే ఊళ్లలో, బండ్లు తయారైన చోట. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. ఆఫీసులు డేరాల్లో నడిచిన రోజులవి. కర్నూలు ఇంకా రాజధానిగా ఉండగానే, 1955లో, ఇంగ్లండులోని రెడ్డిచ్‌కు చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్, మద్రాసు మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాయి. మొదట విడిభాగాలు తెచ్చి బిగించేవారు. 1962 నాటికి బుల్లెట్ భాగాలన్నీ ఇక్కడే తయారయ్యాయి. రెడ్డిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది, మద్రాసుది ఆగలేదు. మరోపక్క మైసూరులో ఇరానీ కుటుంబపు ఐడియల్ జావా 1960లో మొదలైంది. చెకోస్లవేకియా జావా అక్కడ మన బండి అయింది. 1973 నుంచి దాని పేరు యెజ్డీ. ఫరీదాబాదు ఎస్కార్ట్స్ వాళ్ల రాజ్‌దూత్ కూడా 1962 నుంచే రోడ్డెక్కింది.

మ్యాపు చూడండి. మద్రాసు సముద్రాన్ని ఆనుకున్న ఉప్పుగాలి ఊరు. మైసూరు సుమారు 760 మీటర్ల ఎత్తున చల్లగా ఉండే ఊరు. కడప సుమారు 140 మీటర్లు, కర్నూలు 280 మీటర్ల దగ్గర. ఎత్తులో రెండింటికీ నడిమి ఊళ్లే, ఎండలో మాత్రం రెండింటినీ మించినవి. మద్రాసు గాలిలో నీటి ఆవిరి కొంత చోటు తినేస్తుంది కాబట్టి మన పొడిగాలి ఆ మేరకు మేలే, కానీ వేడి ఆ మేలును మింగేస్తుంది. ఫ్యాక్టరీ బిగించి పంపిన స్క్రూను ఇక్కడి మెకానిక్ మళ్లీ తిప్పక తప్పేది కాదు.

తిప్పడం ఎలాగో ఆ షెడ్డులో బల్ల మీద కూర్చుని చూశాను. ముందు బండిని నాలుగైదు కిలోమీటర్లు తిప్పి తెమ్మనేవాడు, చల్లని ఇంజను మాట నమ్మడు. వచ్చాక గాలి స్క్రూను పూర్తిగా లోపలికి బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పేవాడు. స్లో స్క్రూతో ఇంజను ఆగిపోకుండా కొంచెం వేగంగా పెట్టేవాడు. ఆ తర్వాత మాటల్లేవు. తల పక్కకు వంచి, కళ్లు మూసి, గాలి స్క్రూను పావు చుట్టు చొప్పున తిప్పుతూ వినేవాడు. లోపలికి తిప్పితే గాలి తగ్గి గొంతు బొంగురుపోతుంది. బయటికి తిప్పుతూ పోతే ఒకచోట ఇంజను తనంతట తానే వేగం అందుకుంటుంది, ఇంకొంచెం పోతే తడబడుతుంది. ఆ వేగం అందుకున్న చోటే దాని ఇల్లు. అక్కడ ఆపి, పెరిగిన వేగాన్ని స్లో స్క్రూతో తగ్గించి, మళ్లీ మొదటి నుంచి వినేవాడు. రెండుసార్లు, మూడుసార్లు. బుల్లెట్ అయితే ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య నిశ్శబ్దాన్ని లెక్కపెడుతున్నట్టు వేళ్లు కదిలేవి.

అది స్లోకు మాత్రమే. యాక్సిలరేటర్‌ను పావు వంతు తిప్పేదాకా దానితో పాటు లేచే స్లైడు కోత చూసుకుంటుంది, పావు నుంచి ముప్పావు దాకా ఆ స్లైడుకు వేలాడే సూదిది రాజ్యం, ఆపైన మెయిన్ జెట్టు. సూది తలకాయ దగ్గర గాట్లుంటాయి. క్లిప్పును ఒక గాటు పైకి వేస్తే సూది కిందికి దిగి పెట్రోలు తగ్గుతుంది. అన్నీ అయ్యాక రోడ్డు మీద ఒక పరుగు తీసి, టక్కున ఇంజను ఆపి, ప్లగ్గు విప్పి చూడాలి. నల్లగా మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువ. సున్నంలా తెల్లగా ఉంటే తక్కువ. ఆ మెకానిక్ భాయ్ చెప్పే రంగు మరెక్కడా చదవలేదు: “ఏంచిన చెనిక్కాయ పప్పు రంగు రావల్ల.” చెనక్కాయలు పండే నేల మీద ఇంతకన్నా సూటిగా ఎవరు చెప్పగలరు?

పాత బుల్లెట్‌కు ఆమల్ కార్బరేటర్. 1927లో ఆమాక్, బ్రౌన్ అండ్ బార్లో, బింక్స్ అనే మూడు బ్రిటిష్ కంపెనీలు కలిసిపోగా పుట్టిన పేరది. ఆమల్ మెయిన్ జెట్టు మీద అంకె ఉంటుంది, నిమిషానికి ఎన్ని సీసీల పెట్రోలు దాని గుండా పారుతుందో ఆ అంకె చెబుతుంది. నాకు అది కాలువ తూము లెక్కలా తోస్తుంది. కర్నూలు–కడప (కేసీ) కాలువ కింద బతికిన జిల్లాలకు తూములో ఎన్ని నీళ్లు వదిలారన్నది ప్రాణం మీది లెక్క. ఆ తర్వాతి బుల్లెట్లకు జపాన్ మికుని నమూనాలో మన దేశంలోనే తయారైన మిక్‌కార్బ్ వచ్చింది. జావాకు చెక్ జికోవ్ ఉండేది.

ఎండ తర్వాత శత్రువు దుమ్ము. నంద్యాల వైపు నల్లరేగడి దుమ్ము, బేతంచెర్ల వైపు రాళ్ల పాలిష్ పొడి, ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు బూడిద. కార్బరేటర్ దేహం, అందులో పైకీ కిందికీ ఆడే స్లైడు రెండూ మెత్తని జింకు మిశ్రమం. ఫిల్టర్ దాటి వచ్చిన సన్నని ధూళి వాటి మధ్య చేరి ఆకురాయిలా అరగదీస్తుంది. స్లైడు వదులైతే పక్కల నుంచి దొంగగాలి దూరుతుంది, అప్పుడు ఏ స్క్రూ తిప్పినా స్లో నిలవదు. నట్లు అతిగా బిగించడంతో కార్బరేటర్ అంచు వంగినా ఇదే రోగం. దానికి మందు అద్దం ముక్క. అద్దం మీద ఎమెరీ కాగితం పరిచి, అంచును గుండ్రంగా రుద్దుతూ చదును చేసేవారు. గంట పట్టేది. కుర్రవాళ్లకు మొదట అప్పగించే పని అదే, చేతికి ఓపిక నేర్పడానికి.

ఎండలో ఆపిన బండి మళ్లీ స్టార్ట్ కాకపోవడం వేరే బాధ. సిలిండర్ వేడి కార్బరేటర్‌కు ఎక్కి గిన్నెలో పెట్రోలు మరిగిపోతుంది. అందుకే రెంటి మధ్య వేడిని అడ్డుకునే దిమ్మ ఒకటి పెడతారు. అది విరిగితే పారేసి నేరుగా బిగించేసినవాళ్లు మే నెలలో రోడ్డు పక్కన కిక్కులు కొడుతూ కనిపించేవారు.

బండి ఓనరుకూ మెకానిక్కుకూ తగవు ఎప్పుడూ మైలేజీ దగ్గరే. పెట్రోలు తగ్గించమని మామ బతిమాలేవాడు. భాయ్ తల అడ్డంగా ఊపేవాడు. యెజ్డీ, రాజ్‌దూత్ లాంటి టూ స్ట్రోక్ బండ్లలో ఆయిల్ పెట్రోలుతోనే కలిసి లోపలికి పోతుంది. పెట్రోలు నొక్కితే ఆయిలూ తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. “నాలుగు కిలోమీటర్లు యెక్కువ రావల్లని గొంతు పిసికితే పిస్టన్ పట్టేస్తాది సార్. గువ్వలచెరువు ఘాట్‌లో నిలబడిపోతావు.” కడప నుంచి రాయచోటి దారిలో ఆ ఘాట్ ఎక్కేటప్పుడు బండి ఎంతసేపు నిండు బరువు మీద ఉంటుందో మాకు తెలుసు. పైన పాలకోవా తిని ఇంజను చల్లారేదాకా ఆగడం ఆ దారిలో మా ఇంటి ఆచారం. 1,265 మీటర్ల హార్స్‌లీ హిల్స్‌కు పోతే గాలి ఇంకా పలచన, సముద్రమట్టంతో పోలిస్తే పీడనం సుమారు 13–14 శాతం తక్కువ. అక్కడికని చెబితే భాయ్ సూది క్లిప్పు ఒక గాటు పైకి వేసి, “దిగినాక మళ్ల రా” అనేవాడు.

1983లో ఎస్కార్ట్స్ వాళ్లు రాజ్‌దూత్ పేరుతోనే యమహా ఆర్‌డీ 350 తెచ్చారు. 347 సీసీ, రెండు సిలిండర్లు, రెండు కార్బరేటర్లు. ఒక గొంతు వినడం అలవాటైన చెవి ఇప్పుడు రెంటిని విడదీసి వినాలి. రెండు స్లైడులూ ఒకే క్షణంలో లేవాలి, వెంట్రుకవాసి తేడా ఉన్నా ఒక సిలిండర్ మరోదాన్ని ఈడ్చుకుపోతుంది. రెండు కార్బరేటర్ల నోళ్లలోనూ చెరో వేలు పెట్టి, యాక్సిలరేటర్ మెల్లగా తిప్పుతూ స్లైడులు కలిసి కదులుతున్నాయో లేదో తడిమి చూసేవారు. ఆపైన ఇంజను నడుస్తుండగా రెండు సైలెన్సర్ల వెనక రెండు అరచేతులు. పొగ దెబ్బ రెండు చేతులకూ సమానంగా తగలాలి. ఈ బండిలో ఆయిల్‌ను వేరుగా అందించే పంపు తీగ కూడా వీటితో కలిసే కదలాలి. ఖరీదు ఎక్కువ, తాగేదీ ఎక్కువ, అందుకే ఆ బండి మన వైపు అరుదు. వచ్చిన రోజు మాత్రం షెడ్డు ముందు జనం గుమిగూడేవారు.

1996లో మైసూరు ఫ్యాక్టరీ మూతపడింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్–6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త మోటారు సైకిళ్లలో చాలావాటికి కార్బరేటర్ పోయి, సెన్సార్లతో గాలిని కొలిచి పెట్రోలు చిమ్మే పద్ధతి స్థిరపడింది. భాయ్ ప్రశ్నలను ఇప్పుడు బండే అడుగుతుంది, బండే జవాబిస్తుంది. అది మంచిదే. పొగ తగ్గింది, అది మన పిల్లల ఊపిరి.

పాత బండ్ల పని మాత్రం అయిపోలేదు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్. ఇథనాల్ కాలడానికి తన బరువుకు 9 రెట్ల గాలి చాలు, పెట్రోలులా 14.7 అక్కర్లేదు. అంటే పాత జెట్టుతో నడిచే బండికి ఇంధనం చాలడం లేదు. నలభై ఏళ్లు ఎండతో పోరాడుతూ పెట్రోలు తగ్గించిన చేతులే ఇప్పుడు పెంచాల్సి వస్తోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు వాషర్లను ఉబ్బిస్తుంది. నెల రోజులు కదలని బండి గిన్నె విప్పితే అడుగున తెల్లటి మడ్డి.

మామ యెజ్డీ ఇప్పుడు నా దగ్గరుంది. భాయ్ లేడు. ఆయన దగ్గర అద్దం మీద అంచులు రుద్దిన కుర్రవాడే ఇప్పుడు ఆ షెడ్డు నడుపుతున్నాడు, జుట్టు నెరిసింది. మొన్న బండి తీసుకెళితే ప్లగ్గు విప్పి వెలుతురుకు పట్టుకున్నాడు. సున్నంలా తెల్లగా ఉంది. మెయిన్ జెట్టు తీసి, డబ్బాలో వెతికి ఒక అంకె పెద్దది బిగించాడు. స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకుని నా వైపు తిరిగాడు.

“యా పక్క పోతావు సార్?”