సేంద్రియ కర్బనం కొలతలో నమూనా దోషాల సవరణ

గాలిలోని సన్నని ధూళి కణాల్లో ఉండే సేంద్రియ కర్బనాన్ని ఫిల్టర్‌పై పట్టి కొలిచేటప్పుడు, ఫిల్టర్ వల్లనే వచ్చే హెచ్చుతగ్గులను సరిచేసే పద్ధతులివి. ఈ కర్బనం డీజిల్ పొగ, చెత్త మంటలు, కట్టెల పొయ్యిల వంటి వాటి నుంచి వస్తుంది. హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర బారులు తీరే వాహనాలు ఇలాంటి వనరులే.

దోషాలు
కర్బనాన్ని లెక్కించాలంటే నమూనాను వందల డిగ్రీల వేడిలో కాల్చాలి. టెఫ్లాన్ ఫిల్టర్ ఆ వేడికి ఆగదు కనుక క్వార్ట్జ్ నార ఫిల్టర్లు వాడతారు. వాటిని ముందే కొలిమిలో కాల్చి, అంటుకుని ఉన్న కర్బనాన్ని పోగొడతారు. అయితే క్వార్ట్జ్ నార కణాలతోపాటు గాలిలోని సేంద్రియ ఆవిరులనూ పీల్చుకుంటుంది, లెక్క పెరుగుతుంది. ఇది ధన దోషం. చిక్కిన కణాల నుంచి కొంత పదార్థం ఆవిరైపోతే లెక్క తగ్గుతుంది. ఇది రుణ దోషం. 24 గంటల నమూనాలో తెల్లవారుజామున అంటుకున్నది మధ్యాహ్నపు ఎండకు విడిపోవచ్చు.

చరిత్ర
గాలి ఫిల్టర్‌ను దాటే వేగం మారితే కర్బనం విలువ కూడా మారుతోందని 1990లో మెక్‌డో, హంట్‌జికర్ చూపారు. వెనక మరో క్వార్ట్జ్ ఫిల్టర్ పెట్టి, దాని విలువను తీసేస్తే ఆ తేడా చాలావరకు పోయింది. ఉదాహరణకు ఘనపు మీటరు గాలికి ముందు ఫిల్టర్‌పై 12, వెనకదానిపై 3 మైక్రోగ్రాములు తేలితే, కణాల వాటా 9 అని లెక్క.

ఆవిరులు అంటుకోవడమే ప్రధాన దోషమని 1994లో టర్పిన్ బృందం లాస్ ఏంజెలిస్ ప్రాంతపు పరిశీలనలో తేల్చింది. కొద్దిసేపే నమూనా తీస్తే ఆవిరిని ముందు ఫిల్టరే పట్టేస్తుంది, వెనకదానికి తక్కువ చేరుతుంది, సవరణ చాలదు. అందుకే పక్క మార్గంలో, ఆవిరిని అంతగా పీల్చని టెఫ్లాన్ వెనక క్వార్ట్జ్ పెట్టే పద్ధతినీ వాడతారు. అయితే టెఫ్లాన్‌పై కణాలు వదిలిన ఆవిరీ వెనక క్వార్ట్జ్‌లో చేరి, సవరణ మితిమీరవచ్చు. ఆవిరులను ముందుగానే తొలగించే డెన్యూడర్ మరో మార్గం. ఒక్కో తయారీ లాట్‌కు చెందిన క్వార్ట్జ్ ఫిల్టర్ ఆవిరిని ఒక్కోలా పీలుస్తుందని 2001లో కిర్చ్‌స్టెటర్ బృందం గుర్తించింది. కాబట్టి ముందు, వెనక ఫిల్టర్లు ఒకే లాట్‌వి కావాలి.

హైదరాబాద్‌లో
సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత 2005లో నగరంలో కాలుష్య వనరుల అధ్యయనం మొదలైంది. పంజాగుట్ట సహా మూడు కేంద్రాల్లో, మూడు రుతువుల్లో సేకరించిన 180 నమూనాలను, వనరుల వాటాలను లెక్కించే రసాయన ద్రవ్యరాశి తుల్యత మోడల్‌తో విశ్లేషించారు. పీఎం 10లో, అంటే 10 మైక్రాన్ల లోపు కణాల్లో, వాహనాల పొగ, రోడ్డు దుమ్ముల వాటా 60 శాతం పైనే అని తేలింది. ఇంకా సన్నని పీఎం 2.5లో వీటికి తోడు బొగ్గు, చెత్త మంటల పాత్ర కనిపించింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి ఈ ఫలితాలతో కార్యాచరణ ప్రణాళిక తయారుచేసింది. ఇలాంటి విశ్లేషణలో వాహనాల పొగను, మంటల పొగను వేరుచేసే గుర్తుల్లో సేంద్రియ కర్బనం ఒకటి. దాని కొలత తప్పితే వనరుల వాటాలూ తప్పుతాయి. రెండు అధ్యయనాల అంకెలను పోల్చే ముందు రెండింటిలోనూ ఏ సవరణ చేశారో చూడాలి.