కరావోకేలో కొరకరాని పాటలు

పాడేవాడు తాళం తప్పితే వాద్యమే సర్దుకుపోయే రోజులు జపాన్ బార్లలో ఒకప్పుడు ఉండేవి. గిటారు భుజాన వేసుకుని బారు నుంచి బారుకు తిరిగే 'నగాషి' కళాకారులకు, అతిథుల పాటకు పక్కన కూర్చుని వాయించే వాద్యకారులకు అవతలివాడి లోపం కప్పిపుచ్చడమే అసలు పనితనం. కోబే నగరంలో ఇనోవే దైసుకే ఆ కోవకు చెందినవాడు. ఆయన వాయిస్తే తప్ప పాడలేని ఒక కంపెనీ యజమాని, వేడినీటి బుగ్గల ఊరికి విహారానికి వెళ్తూ తనతో రమ్మన్నాడు. వెళ్లడం కుదరక, యజమాని పాడే తీరుకు తగ్గట్టే వాయించి టేపు చేసి పంపాడు ఇనోవే. 1971లో అలా టేపు మీద వాద్యం వినిపించే 11 కరావోకే యంత్రాలు తయారుచేయించి బార్లకు అద్దెకిచ్చాడు. పేటెంటు తీసుకోలేదు. 2004లో మాత్రం ఇగ్ నోబెల్ శాంతి బహుమతి దక్కింది, మనుషులు ఒకరినొకరు భరించడానికి కొత్త దారి చూపించినందుకట! టోక్యోలో నెగిషి షిగేఇచి 1967లోనే 'స్పార్కో బాక్స్' అనే ఇలాంటి యంత్రం చేశాడు కాబట్టి తొలి ఘనత ఎవరిదన్న తగువు ఉంది. దాన్ని అక్కడే వదిలేద్దాం.

మనకు కావలసింది ఒక్కటే. టేపు ఎవరి కోసమూ ఆగదు. అప్పటిదాకా గొంతు వెంట నడిచిన వాద్యం వెంట ఇక గొంతే పరుగెత్తాల్సి వచ్చింది. ఆ తర్వాతి అర్ధ శతాబ్దంలో జపాన్ పాటల్లోని కష్టం మూడు చోట్లకు మారింది. మొదట గమకంలో ఉండేది. తర్వాత శ్రుతి ఎత్తులోకి వెళ్లింది. ఇప్పుడు ఊపిరి మీదికి వచ్చింది.

గమకాల కాలం 'ఎంకా' అనే పాతతరం జపాన్ జనప్రియ గీతాలది. సరిగమపదనిలో మ, ని తీసేసిన 'యోనానుకి' స్వరక్రమం ఎంకాలో విరివిగా వినిపిస్తుంది. దాని మేజర్ రూపంలో ఉన్నవి అచ్చంగా మన మోహన రాగం స్వరాలే. అందుకే తెలుగు చెవికి ఎంకా పరాయిగా తోచదు, సులువనీ అనిపిస్తుంది. ఆ భ్రమ 'కొబుషి' దగ్గర తొలగిపోతుంది. కొబుషి అంటే అచ్చు మీద స్వరాన్ని చటుక్కున తిప్పి మళ్లీ మొదటి చోటికి తేవడం. కర్ణాటక సంగీతం నేర్చినవాళ్లు దీన్ని ఊపుతారు, సాగదీస్తారు. అది ఎంకా కాదు, ఎంకా వేషం వేసుకున్న కచేరీ.

ఇషికావా సాయురి 1986లో పాడిన 'అమాగి-గోయె' ఈ కోవలో కొండంత పాట. కరావోకేలో ఎవరు పడితే వాళ్లు పాడలేని పాట కావాలనే దాన్ని కట్టారని చెబుతారు. తీరా చూస్తే కరావోకే జనమే దాని మీద ఎగబడ్డారు. పాట మాటాడుతున్నంత మెల్లగా కింది స్థాయిలో మొదలై చివర భగ్గుమంటుంది. చాలామంది మొదటి చరణంలోనే ఉన్న బలమంతా ఖర్చుపెట్టి, పల్లవికి వచ్చేసరికి చేతులెత్తేస్తారు. మొదట సగం గొంతుతో చెప్పాలి, కొబుషిని పంక్తికి ఒకటి రెండు చోట్లకే దాచుకోవాలి. మిసోరా హిబారి జబ్బుపడి కోలుకున్నాక 1987లో పాడిన 'మిదారెగామి'ది వేరే చిక్కు. నిండు గొంతు మీద నడుస్తున్న పాట ఒక్కసారిగా పైకి లేచి సన్నని కల్లగొంతులోకి (ఫాల్సెటో) మారిపోతుంది. ఆ మెట్టు ఎక్కే ముందే గొంతు తగ్గించాలి. గట్టిగా వెళ్తే అక్కడ చీలిక వినిపిస్తుంది.

ఉచ్చారణ దగ్గర మాత్రం తెలుగువాళ్లకు కొంత వెసులుబాటు ఉంది. జపాన్ భాష మాత్రల మీద నడుస్తుంది. దీర్ఘానికి రెండు మాత్రలు, ద్విత్వానికి ఒక మాత్ర ఆగడం, సున్నలాంటి 'న్'కు కూడా తనదంటూ ఒక మాత్ర. గురులఘువులు లెక్కపెట్టిన మనకు ఇది కొత్త కాదు. ఇంగ్లీషువాళ్లు ఇక్కడే తడబడతారు. మనం పొరబడేది మరోచోట. మామూలు మాటల్లో మింగేసే ఇ, ఉలు పాటలో విడి స్వరం మీద పడితే చాలాసార్లు నిండుగా పలుకుతాయి, వేగం పెరిగితే మళ్లీ మాయమవుతాయి. అసలు గాయకులను విని గుర్తుపెట్టుకోవడం తప్ప దీనికి సూత్రం లేదు.

1980ల మధ్యలో ఒకాయామా ప్రాంతంలో సరుకుల కంటైనరును పాటల గదిగా మార్చారు. 'కరావోకే బాక్స్' అలా పుట్టింది. బారు పోయి గది వచ్చింది. తాగుతూ పాడే మధ్యవయసు ఉద్యోగుల స్థానంలో బడిపిల్లలు చేరారు. 1992 నుంచి పాటలు టెలిఫోన్ తీగల మీద దిగుమతి కావడంతో కొత్త పాట విడుదలైన కొద్ది రోజులకే గదిలోకి వచ్చేసేది. ఎత్తు కోసం పోటీ ఈ గదుల్లోనే మొదలైంది. ఎక్స్ జపాన్ బృందం 1989 నాటి 'కురెనాయ్'లో గాయకుడు తోషి గొంతు ఉన్న చోటు సామాన్య పురుషుడికి అందేది కాదు. కొమురో తెత్సుయా స్వరపరచిన గ్లోబ్ బృందం పాటలు ఆడవాళ్లకు అదే పరీక్ష పెట్టాయి. గాయని మీషా 1998లో తొలిపాటతోనే ఈలలాంటి శిఖరస్వరం వినిపించింది. దాన్ని అనుకరించబోయిన గొంతులకు నా సానుభూతి.

ఆ ఏడాది చివర్లోనే ఉతాదా హికారు 'ఆటోమేటిక్'తో వచ్చింది. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు. ఎత్తు కన్నా పదవిభజన ఆ పాటలో అసలు చిక్కు. మాటను ఎక్కడ పడితే అక్కడ విరిచి, తర్వాతి తాళం మీద అతికిస్తుంది. తెర మీది అక్షరాల రంగు మారడం చూస్తూ పాడేవాడు ప్రతిసారీ వెనకబడతాడు. అర్థాన్ని పక్కనపెట్టి, ఊపిరి తీసిన చోట్లను గుర్తుపెట్టుకోవడమే దారి.

2007 ఆగస్టులో సప్పోరోకు చెందిన క్రిప్టన్ సంస్థ హత్సునె మికును విడుదల చేసింది. మికు మనిషి కాదు, పాడే సాఫ్ట్‌వేర్. ఊపిరి అక్కర్లేని గొంతు దొరకగానే యువ స్వరకర్తలు పాటలో ఊపిరి కోసం ఆగడం మానేశారు. నిమిషానికి 240 తాళాల వేగంతో సాగే 'హత్సునె మికు నో షోషిత్సు' లాంటి పాటలు పుట్టాయి. యంత్రం కోసం రాసిన ఆ పాటలను పిల్లలు గదుల్లో పాడటం మొదలుపెట్టారు! ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా వింతగా తోచే మలుపు ఇదే. ఆ బడిలో పెరిగినవాళ్లే తర్వాత ప్రధాన వేదిక ఎక్కారు. 'హచి' పేరుతో మికు పాటలు కట్టిన యొనెజు కెన్షి 2018లో 'లెమన్'తో దేశమంతా మోగాడు. యోఆసోబి స్వరకర్త అయాసె కూడా అక్కడివాడే. ఆదో 17 ఏళ్ల వయసులో, 2020లో పాడిన 'ఉస్సేవా'ను రాసిన షుదోదీ అదే గూడు.

అందుకే నేటి పాటల్లో పాత కష్టాలన్నీ ఒక్కచోట చేరాయి. 2023 నాటి యోఆసోబి 'ఐడల్'లో ర్యాప్ ఉంది, శ్రుతి మార్పులున్నాయి, పైగా 166 తాళాల వేగం. కింగ్ న్యూ బృందం 'హకుజిత్సు' కల్లగొంతుతో మొదలై ఇద్దరి గొంతుల మధ్య నడుస్తుంది. ఒక్కడే పాడాలంటే ఇద్దరు మనుషులూ తానే కావాలి. మిసెస్ గ్రీన్ యాపిల్ బృందం గాయకుడు ఓమొరి మొతోకి ఎత్తుల గురించి చెప్పనక్కర్లేదు.

వీటికి మొదటి మందు రిమోట్ మీదే ఉంది. శ్రుతిని అరస్వరం చొప్పున దించుకోవచ్చు. అసలు శ్రుతిలోనే పాడాలన్న పంతం జపాన్ కుర్రాళ్లలో ఎక్కువ, అది వట్టి బింకం. వేగం ఉన్న పాటను మొదట స్వరం లేకుండా సగం వేగంతో తాళం కొడుతూ మాటలు మాత్రం చెప్పాలి. పంక్తి చివర దొరికే ఊపిరిని నమ్ముకోకుండా ద్విత్వం ఆగే చోట కొద్దికొద్దిగా దొంగిలించాలి. 'డ్యామ్' అనే రకం కరావోకే యంత్రం మార్కులతో పాటు కొబుషి, కంపితం, కిందినుంచి జారుతూ స్వరాన్ని అందుకునే 'షకురి' ఎన్నిసార్లు పలికాయో కూడా లెక్కగట్టి చూపిస్తుంది. శ్రుతి ఎక్కడ జారిందో చూసుకోవడానికి అది మేలే గాని, ఆ లెక్క పెంచుకోవడానికి పాడితే పాట ముక్కలవుతుంది. సిగ్గుపడేవాళ్ల కోసం ఒంటరిగా పాడుకునే దుకాణం 2011లో టోక్యోలోని కందాలో తెరిచారు, తర్వాత అలాంటివి చాలా వచ్చాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లయితే 1961 నాటి సకామొతో క్యు పాట 'ఉయె ఓ ముయితే అరుకో' దగ్గర మాత్రలు పట్టుకుని, 'లెమన్'తో గొంతు మార్పు నేర్చుకుని, ఆ తర్వాత 'హకుజిత్సు'ను రెండు మూడు మెట్లు దించి ప్రయత్నించవచ్చు. 'ఐడల్'కి ఒక స్నేహితుణ్ని వెంట తీసుకెళ్లి ర్యాప్ భాగం అతనికి అప్పగించండి. 'అమాగి-గోయె' మాత్రం గంట గడిచి గొంతు వేడెక్కాక, అలసిపోకముందే.