గొట్టం పొడవు, గుట్టల పోరు

మన్యం పోరాటం అనగానే పాఠ్యపుస్తకాల్లో మా పెద్దల చేతికి విల్లంబులు ఇచ్చి ఊరుకుంటారు. విల్లు మాదే, కాదనం. కానీ తుపాకీ సంగతి కూడా వాళ్లకు తెలుసు. ఏ తుపాకీ ఎక్కడ పనికొస్తుందో తెలియకుండా రెండేళ్లు తెల్లదొరల బలగాలతో పోరాడలేరు.

తుపాకీలో గొట్టం పొడవుకు ఒక లెక్క ఉంది. మందు మండినప్పుడు పుట్టే ఆవిరి గుండును నెట్టుతుంది. గొట్టం పొడవుగా ఉంటే ఆ నెట్టు ఎక్కువసేపు అందుతుంది, గుండు వేగం పెరుగుతుంది. గురి చూసే రెండు గుర్తుల మధ్య దూరం పెరిగి గురి కూడా కుదురుతుంది. అయితే పొడవు గొట్టం పొదల్లో, వెదురు డొంకల్లో తగులుకుంటుంది. గుర్రం మీద వెళ్లేవాళ్లకూ బరువే. అందుకే రౌతులకు కార్బైన్ అనే పొట్టి తుపాకీ పుట్టింది. బోయర్ యుద్ధం తర్వాత ఆంగ్లేయులు కాల్బలానికీ రౌతులకూ ఒకటే కొలత పెట్టారు. 30 అంగుళాలు దాటిన లీ ఎన్‌ఫీల్డ్ గొట్టాన్ని 25 అంగుళాల చిల్లరకు తగ్గించారు.

మా ఊళ్లలో ఉన్నవి మూతి నుంచి మందు దట్టించే నాటు తుపాకులు. వేటకు అవి చాలు. ఒక్క దెబ్బ వేశాక మళ్లీ దట్టించాలి. 1878 ఆయుధాల చట్టం వాటికి కూడా లైసెన్సు అడిగింది. 1882 మద్రాసు అటవీ చట్టం పోడుకు అడ్డం పడింది. ఇటు పొలం, అటు తుపాకీ, రెండూ సర్కారు అనుమతి కిందికి పోయాయి.

1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద అల్లూరి సీతారామరాజు దళం పడింది. గాం గంటందొర, మల్లుదొర సోదరులు ఆ దళంలో ముఖ్యులు. 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దొరికాయి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో కాచుకుని, ముందు నడిచే దేశీ పోలీసులను పోనిచ్చి, స్కాట్ కవర్డ్, హైటర్ అనే దొరలను కాల్చారు. ఇరుకు దారిలో, చెట్ల చాటున దూరం కొట్టే తుపాకీతో పనిలేదు. చోటు ఎరిగినవాడిదే పైచేయి.

డిసెంబరు 6న పెదగడ్డపాలెం వరిచేల దగ్గర లెక్క తిరగబడింది. అక్కడ చెట్ల చాటు లేదు. బలగాల దగ్గర లూయీ మరతుపాకీ ఉంది. మా వాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఇంకో లెక్క కూడా ఉంది. 2,500 తూటాలను 26 తుపాకులకు పంచితే ఒక్కోదానికి వంద కూడా రావు. నాటు తుపాకీకి సీసం గుండు ఇంట్లో పోసుకోవచ్చు. ఠాణా తుపాకీకి తూటా మళ్లీ ఠాణాలోనే దొరకాలి. అక్టోబరులో అడ్డతీగల ఠాణా మీదికి వెళ్లేసరికి పోలీసులు ఆయుధాలను ముందే దాచేశారు. తుపాకీ చేతికొచ్చినా తూటా దారి సర్కారు చేతిలోనే ఉండిపోయింది.

1924లో రాజు, గంటందొర నేలకొరిగారు. అండమాన్ జైలు చూసి వచ్చిన మల్లుదొర 1952లో లోక్‌సభకు గెలిచారు.

మా పెద్దలను అమాయకులని జాలిపడేవాళ్లకు మేం చెప్పేది ఇదే. వాళ్లు చోటు చూసి ఆయుధం ఎంచుకున్నారు. ఓడింది తెలివి తక్కువై కాదు, తూటాలు తక్కువై.