మగ్గం పట్టిన గోడలు: ఓరుగల్లులో శ్రమ కట్టడాల పరిరక్షణ, పునర్వినియోగం - కొత్తవాడ నేపథ్యం

వరంగల్‌లో కొత్తవాడ పేరు చెప్పగానే స్ఫురించేది దర్రీ. షత్రంజీ అనీ, జంపఖానా అనీ వాడుకలో పిలిచే ఈ నూలు పరుపు 2018లో ‘వరంగల్ దర్రీలు’ పేరిట భౌగోళిక గుర్తింపు పొందింది. వస్తువుకు గుర్తింపు దక్కింది గాని, ఆ వస్తువు తయారైన కట్టడాలకు అటువంటి గుర్తింపు ఏదీ లేదు. నేతపని సాగిన ఇండ్లు, కారాగారంలోని పని షెడ్లు, నూలు మిల్లు అనే మూడు రకాల నిర్మాణాలను ఒకే చరిత్రలో భాగాలుగా చూచినపుడు, ఓరుగల్లులో వారసత్వ పరిరక్షణ ఏ కట్టడాలను తనవిగా భావించింది, వేటిని వదిలివేసింది అన్న ప్రశ్న ఎదురవుతుంది.

వారసత్వ చర్చలో నేత ఇంటికి చోటు దొరకకపోవడానికి ఒక కారణం దాని రూపమే. అందులో శిల్పం లేదు, శాసనం లేదు. అయితే దాని నిర్మాణంలో కచ్చితమైన తర్కం ఉంది. దర్రీ వెడల్పు మగ్గం వెడల్పును నిర్ణయిస్తుంది. మగ్గం వెడల్పు గది వెడల్పును నిర్ణయిస్తుంది. పెద్ద జంపఖానాకు ఇద్దరు నేతగాళ్లు పక్కపక్కన కూర్చోవలసి ఉంటుంది గనుక దూలం అంత నిడివిని మోయాలి, నడుమ స్తంభం అడ్డు రాకూడదు. గుంట మగ్గానికి కాళ్లు దించే గొయ్యి కావాలి. అందుకు నేల మట్టిదై ఉండాలి, గది కింది అంతస్తులో ఉండాలి. కూర్చున్న మనిషి కంటికి, చేతికి వెలుగు అందాలంటే కిటికీ తక్కువ ఎత్తులో రావాలి. పడుగు చాచడానికి ఇల్లు చాలదు, వీధి కావాలి. ఈ లెక్కన నేతవాడలో వీధి కూడా పనిముట్టే. గూన పెంకుల కప్పు, సున్నపు గోడ, మట్టి నేల పేదరికానికి గుర్తులుగా కనిపించవచ్చు. నిజానికి నూలు తెగకుండా ఉండేందుకు కావలసిన చల్లదనాన్ని, తేమను నిలిపేవి కూడా అవే.

ఈ నేత చరిత్ర చిన్నదేమీ కాదు. వరంగల్ తివాచీలు 1851లో లండన్ మహా ప్రదర్శనకు వెళ్లాయి. భారతీయ కళాపరిశ్రమలపై 1880లో గ్రంథం వెలువరించిన జార్జ్ బర్డ్‌వుడ్ వరంగల్ నేతను ప్రత్యేకంగా పేర్కొన్నాడు. జైళ్లలో చౌకగా నేయించే తివాచీలు స్వతంత్ర నేతగాళ్ల బ్రతుకును, పనితనాన్ని దెబ్బ తీస్తున్నాయని తీవ్రంగా విమర్శించినవాడూ అతడే. ఈ రెండో మాట వరంగల్ జైలు ప్రస్తావనలో మళ్లీ అవసరమవుతుంది.

రాతికి దక్కిన శ్రద్ధ

ఓరుగల్లులో పరిరక్షణకు సామర్థ్యం లేదని ఎవరూ అనలేరు. క్రీ.శ. 1163లో కాకతి రుద్రదేవుడు నిర్మించిన హనుమకొండ వేయిస్తంభాల గుడిలో, ఒరిగిపోతున్న కల్యాణ మండపాన్ని భారత పురావస్తు సర్వేక్షణ శాఖ 2006లో రాయి రాయిగా విప్పింది. ప్రతి రాతికి సంఖ్య వేసి, కాకతీయుల ఇసుక పునాది పద్ధతిని అర్థం చేసుకొని, మండపాన్ని తిరిగి నిలబెట్టింది. పని పదేపదే నిలిచిపోయి, చివరకు 2024 మార్చి 8న, మహాశివరాత్రి నాడు మండపం తిరిగి తెరుచుకున్నది. విడిపోయిన అసలు భాగాలను యథాస్థానంలో కూర్చడాన్ని శిథిలాల విషయంలో అనుమతించే 1964 వెనిస్ ప్రకటనకు ఇది మంచి ఉదాహరణ. జాప్యాన్ని తప్పుపట్టవచ్చు, కాని పద్దెనిమిదేండ్లు గడిచినా ఆ రాళ్లను వదిలివేయవచ్చునని ఎవరూ అనలేదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం.

పునర్వినియోగానికి ఇంకా పాత దృష్టాంతం వరంగల్ కోటలోనే ఉన్నది. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యాల వశమై సుల్తాన్‌పూర్ అయిన తరువాతి కాలపు తుగ్లక్ శైలి దర్బారు మందిరాన్ని ప్రజలు ఖుష్ మహల్ అంటారు. లోపలికి వాలిన మందపు గోడలు, పెద్ద కమానులు దాని ప్రత్యేకత. 1504 నాటి శాసనం ద్వారా మనకు తెలిసిన షితాబ్‌ఖాన్ పేరు కూడా ఆ కట్టడానికి అంటుకున్నది. రిచర్డ్ ఈటన్, ఫిలిప్ వాగనర్ 2014లో ప్రచురించిన అధ్యయనం, దక్కను పాలకులు పాత కట్టడాలను పడగొట్టడమే కాక ఎంచి, మార్చి, తమ అధికార భాషలో తిరిగి వాడుకున్న తీరును ఈ ప్రాంతపు ఆధారాలతో చర్చించింది. నేడు అదే మందిరంలో కోట పరిసరాలలో దొరికిన శిల్పాలను భద్రపరిచారు. సుల్తాను దర్బారులో కాకతీయ శిల్పం కొలువుండడం చూచేవారికి వింతగా తోచవచ్చు. కాని విశాలమైన ఆ ఒక్క గదిని ఎక్కడా అడ్డుగోడలతో చీల్చకపోవడం వల్ల దాని స్వభావం చెడలేదు. వాడకం మారినా గది గదిగా మిగిలింది.

జైలు, మిల్లు

కొత్తవాడకు సమీపంలో, మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి పక్కన ఉండిన వరంగల్ కేంద్ర కారాగారం 19వ శతాబ్ది చివరి పాదానికి చెందినది. నిజాం వ్యతిరేక ఉద్యమ కాలంలో రాజకీయ ఖైదీలు అక్కడ నిర్బంధంలో గడిపారు. ఖైదీలు నేసిన దర్రీలకు మంచి పేరుండేది. వాడలో కూలికి నేసినవాడూ, గోడ లోపల శిక్షగా నేసినవాడూ ఒకే నగరంలో ఒకే రకం వస్తువును తయారు చేశారన్నమాట. బర్డ్‌వుడ్ ఎత్తిచూపిన వైరుధ్యానికి ఇంతకంటే స్పష్టమైన స్థలరూపం అరుదు. ఆ కారణంగానే ఆ జైలు సుందరమైన వారసత్వం కాదు, బాధాకరమైన వారసత్వం. అటువంటి కట్టడాలను కాపాడడం అంటే వాటిని పొగడడం కాదు.

2021 జూన్‌లో ఖైదీలను ఇతర జైళ్లకు తరలించడం మొదలైంది. కొన్ని వారాలలోనే కట్టడాలు నేలమట్టమయ్యాయి. జూన్ 21న ఆ స్థలంలో 24 అంతస్తుల ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. కోవిడ్ రెండవ విడత ఉధృతిలో ఉత్తర తెలంగాణకు పెద్దాసుపత్రి అవసరమని చెప్పడానికి వాదన అక్కరలేదు. అవసరాన్ని ఒప్పుకుంటూనే అడగవలసిన ప్రశ్న వేరు. పదుల ఎకరాల ఆవరణలో ఆసుపత్రికి చోటిచ్చి, ప్రవేశద్వారాన్నో, ఒక బారకునో, నేత షెడ్డునో నిలుపుకొనే నమూనా సాధ్యమా కాదా అన్నది పరిశీలించడానికి కొన్ని వారాలు చాలవు. వేయిస్తంభాల మండపానికి పద్దెనిమిదేండ్లు, జైలుకు కొన్ని వారాలు: ఈ తేడా సాంకేతికమైనది కాదు, విలువలకు సంబంధించినది.

ఆజంజాహీ మిల్లు కథ ఇంకా నిదానంగా ముగిసింది. 1934లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన పెద్ద కుమారుడు ఆజం జా పేరిట స్థాపించిన ఈ నూలు, వస్త్ర మిల్లు వరంగల్‌ను పత్తి పండే ఊరి నుంచి బట్ట నేసే పారిశ్రామిక పట్టణంగా మార్చింది. వేలాది కుటుంబాలు దానిపై బ్రతికాయి. మిల్లు సైరను ఊరికి గడియారమైంది. జాతీయ జౌళి సంస్థ చేతికి వచ్చిన తరువాత నష్టాలు, స్వచ్ఛంద పదవీ విరమణలు సాగి, 2002లో మూతపడింది. యంత్రాలు అమ్ముడుపోయాయి, షెడ్లు కూలాయి, భూమి ముక్కలైంది. మూతపడిన మిల్లును కట్టడంగా కాక స్థలంగా మాత్రమే లెక్కగట్టడం ఇక్కడి ప్రత్యేకత కాదు. 2003లో రష్యాలోని నిజ్నీ తగీల్‌లో పారిశ్రామిక వారసత్వంపై ఆమోదించిన ప్రకటన ఈ ధోరణినే ప్రశ్నించింది. అది వెలువడిన నాటికి ఆజంజాహీ మిల్లు మూతపడి ఏడాదే అయింది.

మిల్లును నిలిపి ఏం చేసేవారు అనే ప్రశ్న సహజం. పోలండులోని ఉజ్ నగరంలో పాత పత్తి మిల్లు 2006లో ‘మనుఫక్తూరా’ అనే వ్యాపార సముదాయంగా తెరుచుకున్నది. ఎర్ర ఇటుక గోడలు మిగిలాయి. లోపల దుకాణాలు వచ్చాయి. అమెరికాలోని లోవెల్ పట్టణంలో 1978లో ఏర్పడిన జాతీయ చారిత్రక ఉద్యానం వేరే దారి ఎంచుకున్నది. అక్కడి బూట్ మిల్లు ప్రదర్శనశాలలో మరమగ్గాలను నేటికీ నడిపి చూపుతారు. సందర్శకులు ముందుగా ఆ హోరును వింటారు. మొదటిది గోడను కాపాడింది, రెండవది గోడకూ పనికీ మధ్య సంబంధాన్ని కాపాడింది. నేతగాళ్లు ఇంకా సజీవంగా ఉన్న వరంగల్‌కు రెండవ దారి లోవెల్‌కంటే సులభమై ఉండేది. ప్రదర్శన కోసం మగ్గం తెచ్చి పెట్టనక్కరలేదు. వాడ నుంచి మగ్గాన్ని నడిపించుకొని రావచ్చు.

వాడకమే రక్షణ అయినపుడు

హైదరాబాద్ అనుభవం ఇక్కడ ఉపకరిస్తుంది. జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ కాలంలో, 19వ శతాబ్ది తొలి ఏండ్లలో నిర్మించిన కోఠి రెసిడెన్సీ 1949లో మహిళా కళాశాల అయింది. తరగతులు నడిచినందుకే అది ఖాళీ శిథిలం కాలేదు. తరగతులు నడిచినందుకే అరిగింది కూడా. ప్రపంచ కట్టడాల నిధి సంస్థ సహకారంతో జరిగిన పునరుద్ధరణలో దర్బారు హాలులోని కాగితపు గుజ్జు పైకప్పు అలంకరణల వరకు నిపుణులు పనిచేయవలసి వచ్చింది. ఎర్రమంజిల్ మరో రకం. దానిని కూల్చి శాసనసభ భవనం కట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని తెలంగాణ హైకోర్టు 2019 సెప్టెంబరు 16న కొట్టివేసింది. ప్రభుత్వ కార్యాలయంగా దశాబ్దాల పాటు వాడుకలో ఉన్న నవాబు భవనానికి వారసత్వ జాబితాలో పేరు, పౌరుల పట్టుదల, న్యాయస్థానం తోడయ్యాయి. వరంగల్ జైలుకు అటువంటి తీర్పు రాలేదు. భవనం నవాబుదైతే వారసత్వమని ఒప్పించడం తేలిక. ఖైదీలదో, మిల్లు కూలీలదో అయితే కష్టం.

వరంగల్‌కు పథకాలు లేకపోలేదు. 2015లో కేంద్రం ప్రకటించిన హృదయ్ పథకపు పన్నెండు నగరాలలో వరంగల్ ఒకటి. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 22న గీసుగొండ, సంగెం మండలాల పరిధిలో కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన జరిగింది. జౌళికి కొత్త భూమి, వారసత్వానికి పాత రాయి అన్నట్లుగా పంపకం జరిగిపోయింది. జౌళే వారసత్వమైన కొత్తవాడ ఈ రెండింటి నడుమ మిగిలింది.

వాడలో జరిగే మార్పును కూల్చివేత అనలేము. అది ఒక్కో ఇంట్లో ఒక్కో తీరుగా, కుటుంబ నిర్ణయంగా సాగుతుంది. మగ్గం ఆగిన ఇంట్లో మొదట పూడిపోయేది గుంట. దాని మీద బండలు, తరువాత సిమెంటు గచ్చు పడతాయి. పాత డంగుసున్నపు గోడకు సిమెంటు పూత పూస్తే నేల నుంచి పైకి పాకిన తేమ బయటికి పోలేక గోడలోనే నిలుస్తుంది. కొన్నేండ్లకు పూత పెచ్చులుగా ఊడుతుంది, యజమాని పాత గోడనే నిందించి పడగొడతాడు. సున్నపు గోడకు సున్నమే పూయాలన్నది పరిరక్షణ శాస్త్రంలో మొదటి పాఠం. అది వాడలోని తాపీమేస్త్రీకి చేరకపోతే విశ్వవిద్యాలయంలో ఎంత బోధించినా ఫలం లేదు.

ఈ ఇండ్లను యథాతథంగా ఉంచమని నేతగాళ్లను కోరే హక్కు ఎవరికీ లేదు. వానకు కారే కప్పు కింద బ్రతకమని చెప్పే పరిరక్షణ అన్యాయమే అవుతుంది. కాబట్టి మార్పు ఎలాగూ తప్పదు. దేనిని మార్చవచ్చు, దేనిని మార్చకూడదు అన్నది తేల్చుకోవాలి. కప్పు మారవచ్చు, మరుగుదొడ్డి రావచ్చు, పైన అంతస్తు లేవవచ్చు. కింది అంతస్తులో స్తంభం అడ్డులేని పొడవాటి గది, తక్కువ ఎత్తు కిటికీ, గుంట ఉన్న చోట మట్టి నేల మిగిలితే ఆ ఇల్లు దుకాణమైనా, శిక్షణ కేంద్రమైనా, సహకార సంఘం గిడ్డంగి అయినా మళ్లీ ఎప్పుడైనా మగ్గాన్ని పట్టగలదు. ఆ మూడింటిని కొలిచి నమోదు చేసే పనికి పెద్ద నిధులు అక్కరలేదు. కాకతీయ విశ్వవిద్యాలయ చరిత్ర విభాగమూ, వరంగల్ జాతీయ సాంకేతిక విద్యాసంస్థ సివిల్ విభాగమూ కలిసి ఒక విద్యాసంవత్సరంలో చేపట్టగల పని అది: గది నిడివి, గుంట లోతు, కిటికీ దిశ, దూలపు కలప, పడుగు చాచిన వీధి పొడవు, చివరిసారి మగ్గం ఆడిన ఏడు.