పరీక్ష పెట్టని గడప

1877 ఆరంభంలో మద్రాసు ప్రెసిడెన్సీ ధాత కరువుతో అల్లాడుతుంటే, సహాయ పనుల ఖర్చు తగ్గించమని వైస్రాయి లిట్టన్ సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపాడు. కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని టెంపుల్ తేల్చాడు. ఆ 'టెంపుల్ కూలి' సంగతి చరిత్ర పుస్తకాల్లో ఉంది. అంతగా ఎవరూ తలుచుకోని నిబంధన ఇంకొకటి ఉంది. ఒళ్లు వంచగలిగినవాడికి సొంత ఊరి దగ్గర పని ఇవ్వకూడదు, పది మైళ్ల అవతలి శిబిరానికి పోవాల్సిందే. దానికి దూర పరీక్ష అని పేరు. నిజంగా ఆకలి ఉన్నవాడే ఇల్లూ వాకిలీ వదిలి అంత దూరం నడిచొస్తాడు, కడుపులో కాస్త ఉన్నవాడు రాడు, ఆ మేరకు ఖజానాకు ఆదా అన్నది దాని వెనక లెక్క. ఇప్పటి తిరుపతి జిల్లాలోని పుత్తూరు అప్పట్లో ఉత్తరార్కాడు జిల్లాలో, కార్వేటినగరం జమీందారీలో ఉండేది. ఆ జిల్లాను కరువు గట్టిగానే కాల్చింది. ఇల్లుండి తిండి లేనివాళ్ల చేత తిండి కోసం ఇల్లు విడిపించిన ఏర్పాటు దూర పరీక్ష.

దూర పరీక్ష పోయింది గానీ, పరీక్ష పెట్టే బుద్ధి మాత్రం పోలేదు. ఇల్లు లేనివాడు ముందు తన యోగ్యత రుజువు చేసుకోవాలి, అలవాట్లు మార్చుకోవాలి, కాగితాలు తేవాలి, చెప్పిన చోటికి పోవాలి. ఇంటి సంగతి ఆ తర్వాత చూద్దామంటారు. ఈ వరుసను తిరగేసి, ముందు తాళంచెవి చేతిలో పెట్టి మిగతావన్నీ తర్వాత చూసుకున్న చోట్ల ఇల్లు లేనివాళ్ల సంఖ్య తగ్గింది. పుత్తూరు లాంటి చిన్న పట్టణంలో ఆ పని మహానగరంలో కంటే తేలిక కూడా.

మన వైపు సత్రాలకు కొదవేముంది అనొచ్చు. తిరుపతి దారుల్లో సత్రాలు కట్టించని రాజులు, వర్తకులు తక్కువ. కానీ సత్రం యాత్రికుడి కోసం పుట్టింది. అతనికి ఎక్కడో ఒక ఇల్లుంది, నేడో రేపో అక్కడికి తిరిగిపోతాడన్న నమ్మకం మీద నడిచింది. పోవడానికి చోటే లేనివాడు ఆ అరుగు మీద మూడో నాటికి బరువవుతాడు. కరువుల్లో కొన్ని సత్రాలు తమ స్వభావం మార్చుకున్న మాట నిజమే. ఉత్తర మద్రాసులోని మణియకారు సత్రం 1782 కరువులో గంజి పోసే చోటుగా మొదలై నిరుపేదల ఆశ్రయమైంది. వెంకటగిరి రాజా సత్రం దానికి తోడైంది. అక్కడి వైద్యశాలే కాలక్రమంలో స్టాన్లీ ఆస్పత్రికి మూలం. మంచి పనే, కాదనలేం. అయినా తలుపు తాళం అక్కడ పడుకునేవాడి చేతిలో లేదు. ఇక 1977లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ భిక్షాటన నిరోధక చట్టం ఆశ్రయానికి దారిని పోలీసుల మీదుగా వేసింది. అడుక్కుంటూ పట్టుబడితే గానీ కప్పు దొరకదు, దొరికిన కప్పు కింద నుంచి బయటికి రావడం తన చేతిలో ఉండదు. ఇలాంటి చట్టాన్నే ఢిల్లీలో అమలు చేస్తుంటే 2018 ఆగస్టులో అక్కడి హైకోర్టు అందులోని ముఖ్యమైన సెక్షన్లను కొట్టేసింది.

ఇల్లూ షరతూ కలిసి ఎంత దూరం పోగలవో చూడాలంటే బ్రిటిష్ కాలపు సెటిల్‌మెంట్ల చరిత్ర చూడాలి. ఎరుకలవాళ్లు ఒకప్పుడు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని కోస్తాకూ మెట్ట ప్రాంతాలకూ మధ్య బేరం చేసేవాళ్లు. రైళ్లు, సర్కారు ఉప్పు విధానం కలిసి ఆ బేరాన్ని పడగొట్టాయి. బతుకు పోయి తిరుగుతున్నవాళ్లను 1911 నాటి నేరస్థ తెగల చట్టం పుట్టుకతోనే అనుమానితులను చేసింది. వాళ్లను 'బాగుచేసే' బాధ్యతను సాల్వేషన్ ఆర్మీ లాంటి సంస్థలకు అప్పగించారు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలా పుట్టిన ఊరే. ఇల్లిచ్చారు, పని చూపించారు, బడి పెట్టారు. దానితో పాటు హాజరు పట్టీ పెట్టారు, చీటీ లేకుండా పొలిమేర దాటకూడదన్నారు. ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయినా, ఊరి పేరు చెబితే మనిషిని తేరిపార చూసే అలవాటు ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు మిగిలింది. కప్పుకు షరతు కడితే ఒక్కోసారి కప్పు పాతబడి కూలిపోతుంది, షరతు మాత్రం నిలిచి ఉంటుంది. ఇప్పటి తిరుపతి జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట యానాదులది ఇంకో కథ. రాకెట్ కేంద్రం కోసం 1969లో ఆ దీవిని ఎంచుకున్నాక, అడవినీ నీళ్లనూ నమ్ముకుని బతికినవాళ్లు అక్కడి నుంచి కదలాల్సి వచ్చింది.

స్వాతంత్ర్యం తర్వాతి ప్రభుత్వాలు ఇళ్ల విషయంలో చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1983 తర్వాత ఎన్టీఆర్ ప్రభుత్వం పూరి గుడిసెల స్థానంలో పక్కా ఇళ్లను పెద్ద ఎత్తున తలకెత్తుకుంది. 2006లో ఇందిరమ్మ పథకం, 2015లో కేంద్రం ఆవాస్ యోజన వచ్చాయి. 2020 డిసెంబరు 25న తూర్పుగోదావరి జిల్లా కొమరగిరిలో మొదలైన పట్టాల పంపిణీ మూడు రోజుల్లో శ్రీకాళహస్తి దగ్గరి ఊరందూరుకు చేరింది. రాష్ట్రమంతటా 30 లక్షలకు పైగా పట్టాలు, 17,005 కాలనీలు. ఇంత పని చేసిన రాష్ట్రాలు దేశంలో ఎక్కువ లేవు. అయితే ఈ వరుసలో నిలబడగలిగింది ఎవరన్నది చూడాలి. బియ్యం కార్డు ఉండాలి, ఆధార్ ఉండాలి. ఈ రెండూ తెచ్చుకోవాలంటే ముందు ఒక చిరునామా ఉండాలి. చాలని ఇంట్లో ఇరుక్కున్నవాడు, అద్దెకున్నవాడు, అన్నదమ్ముల వాటాలో ఒదిగినవాడు ఈ పథకాలతో బాగుపడ్డారు. బస్టాండు బల్ల మీద పడుకునేవాడు మాత్రం ఏ జాబితాకూ ఎక్కలేదు. 2011 జనాభా లెక్కల్లో ఫిబ్రవరి 28 రాత్రి ఇలాంటివాళ్లను విడిగా లెక్కపెట్టారు. దేశంలో 17.7 లక్షల మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 1.45 లక్షల మంది తేలారు. ఒక్క రాత్రి లెక్కకు అందినవాళ్లు వీళ్లు.

చిరునామా ఉన్నవాళ్లకైనా ఇల్లు ఎక్కడన్నది చిన్న ప్రశ్న కాదు. పుత్తూరు, నగరి, నారాయణవనం ప్రాంతాల్లో మగ్గం నమ్ముకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. నేతగాడికి ఇల్లంటే నిద్రపోయే చోటు ఒక్కటే కాదు, పని చేసే షెడ్డు కూడా. పట్టణంలో ఇచ్చింది సెంటు స్థలం, అంటే 435 చదరపు అడుగులు. అందులో 340 అడుగుల ఇల్లు లేస్తే మిగిలేది 95. గుంట మగ్గం ఎక్కడ తవ్వాలి, పడుగు ఎక్కడ సాచాలి? మరమగ్గం పెడితే పక్క గోడ అదురుతుంది. యానాదులకు ఊరి అంచున కాలనీ కట్టిస్తే ఇల్లు మూసేసి మళ్లీ చెరువు గట్టుకు పోయారన్న ఫిర్యాదు అధికారుల నోట పాతదే. చేపలూ మామిడి తోట కాపలా అక్కడుంటే, ఇల్లు ఇక్కడుంటే, మనిషి ఎటు పోతాడు? 2024 తర్వాతి ప్రభుత్వం పట్టణంలో 2 సెంట్లు, పల్లెలో 3 సెంట్లు అంటోంది. కొలత పెరగడం మంచిదే. కానీ దూరం తగ్గకపోతే టెంపుల్ దొర పది మైళ్లే వేరే రూపంలో తిరిగొచ్చినట్టు.

పట్టాకు అందనివాళ్ల కోసం షెల్టర్లున్నాయి కదా అన్నది సహజంగా వచ్చే జవాబు. 2010లో సుప్రీంకోర్టు ఢిల్లీ చలికి చనిపోతున్నవాళ్ల గురించి కదిలి, లక్ష జనాభాకు ఒక షెల్టరు చొప్పున ఉండాలంది. 2013లో పట్టణ జీవనోపాధి మిషన్ అదే కొలత పట్టుకుని లక్ష మందికి 100 మంది పట్టే ఆశ్రయం, మనిషికి 50 చదరపు అడుగుల చోటు అని రాసింది. ప్రాణం నిలవడానికి అది అవసరమే. కానీ 2011లో పుత్తూరు జనాభా 54 వేలు. లక్ష కొలతలో ఈ ఊరు సగం షెల్టరుకు సరిపోతుంది! పైగా చాలా చోట్ల షెల్టరు రాత్రిదే. తెల్లారితే మూట నెత్తిన పెట్టుకుని మళ్లీ రోడ్డే. మందులు వాడాల్సినవాడు వాటిని ఎక్కడ దాచుకోవాలి, కూలికి పోయేవాడు కూడబెట్టినది ఎవరి దగ్గర పెట్టాలి అన్న ప్రశ్నలకు 50 చదరపు అడుగుల్లో జవాబు లేదు.

1992లో న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ అనే మనస్తత్వవేత్త తలకిందులు చేసింది ఈ వరుసనే. మానసిక జబ్బుతో, మత్తుతో వీధుల్లో ఉన్నవాళ్లకు మామూలు అపార్టుమెంట్లలో విడి ఇల్లు అద్దెకు ఇప్పించాడు. మందు మానేస్తేనే, వైద్యానికి ఒప్పుకుంటేనే అన్న షరతుల్లేవు. ఆదాయంలో 30 శాతం అద్దెకు కట్టాలి, సిబ్బందిని క్రమం తప్పకుండా ఇంటికి రానివ్వాలి, అంతే. అయిదేళ్ల తర్వాత చూస్తే 88 శాతం మంది ఇంట్లోనే ఉన్నారు. మెట్టు మెట్టుగా యోగ్యత సంపాదించమన్న పాత పద్ధతిలో అది 47 శాతం. ఫిన్లాండ్ 2008 నుంచి దీన్నే జాతీయ విధానంగా పట్టుకుంది. హెల్సింకీలో ఆ ఏడాది 558 షెల్టరు మంచాలుంటే 2016 నాటికి 52 మిగిలాయి. మిగతా చోట్లు విడి గదుల ఇళ్లయ్యాయి. అలా మారినవాటిలో ఆల్పికాటు వీధిలోని పాత షెల్టరు ఒకటి. వందల మంది పురుషులు పడుకునే ఆ హాలు సుమారు 80 ఫ్లాట్లయింది, ఒక్కొక్కరికీ అద్దె ఒప్పందం, సొంత తాళం. దాన్ని నడిపేది సాల్వేషన్ ఆర్మీయే. స్టూవర్టుపురంలో హాజరు పట్టీ పట్టుకున్న సంస్థే శతాబ్దం తిరిగేసరికి తాళంచెవులు ఇస్తోందంటే, బుద్ధి మారదన్న నిరాశకు చోటు లేదు.

ఇదంతా డబ్బున్న దేశాల ముచ్చట అనేవాళ్లకు జవాబు పుత్తూరుకు నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, చెన్నైలో ఉంది. వందన గోపికుమార్, వైష్ణవి జయకుమార్ 1993లో మొదలుపెట్టిన బన్యన్ సంస్థ వీధిన పడ్డ మానసిక రోగులైన స్త్రీలను చేరదీసేది. కోలుకున్నా తీసుకుపోయేవాళ్లు లేక ఏళ్ల తరబడి ఆశ్రమంలోనే ఉండిపోయినవాళ్ల కోసం 2015లో హోమ్ ఎగైన్ అనే ఏర్పాటు వచ్చింది. మామూలు వీధిలో మామూలు ఇల్లు అద్దెకు తీసుకుని నలుగురైదుగురు కలిసి ఉంటారు. వంటలో ఏం చేయాలో వాళ్లే తేల్చుకుంటారు, అంగడికి వాళ్లే పోతారు, అవసరమైనంత మేర ఒక సహాయకురాలు తోడుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో దీన్ని మంచి నమూనాగా చూపింది. కొత్తగా ఒక్క ఇటుకా పేర్చకుండా జరిగిన పని ఇది.

వీధి మనిషి ముందు మారకుండా ఇల్లిస్తే పాడు చేస్తాడన్నది రెండో అభ్యంతరం. ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరువాళ్లకు దీని జవాబు వేరే చెప్పక్కర్లేదు. ఎముక విరిగి కట్టు కోసం వచ్చినవాణ్ని ఎట్లా విరిగింది, తాగి పడ్డావా అని ఎవరూ ముందు తేల్చరు. ఆకు పసరూ కోడిగుడ్డు సొనా పట్టించి వెదురు బద్దలు కట్టేస్తారు. ఎముక నిలిచాక మిగతా సంగతులు. ఊరూరి నుంచి మనుషులు వచ్చిపడతారేమో అన్న భయానికీ ఈ ఊళ్లో బలం లేదు. మూడు రాష్ట్రాల నుంచి కట్టు కోసం మనుషులొచ్చే ఊరు కొత్తవాళ్లను చూసి బెదరదు.

అసలు బరువైన అభ్యంతరం వేరే ఉంది. ఒళ్లు హూనం చేసుకుని అద్దె కట్టుకుంటున్న కుటుంబాలు పట్టా కోసం ఎదురుచూస్తుంటే, ఏమీ కట్టనివాడికి ముందు ఇల్లా? న్యాయమైన ప్రశ్నే. పట్టా వరుసలో వాళ్లకంటే ముందు వీళ్లను దూర్చమని ఎవరూ అనడం లేదు. ఇక్కడ కావలసింది పట్టా కాదు, అద్దె గది. 2020 నాటి కాలనీ ఇంటికి సర్కారు ఇచ్చిన సాయం 1.80 లక్షలు, స్థలం ధర వేరే. నెలకు 2,500 అద్దె అనుకుంటే అదే డబ్బు ఆరేళ్లు నడుస్తుంది. పైగా గది దొరికిన రోజునే చిరునామా పుడుతుంది, చిరునామాతో కార్డు, కార్డుతో పింఛను. వృద్ధాప్య పింఛను 2024 నుంచి నెలకు 4,000. న్యూయార్క్ లెక్కన అందులో 30 శాతం అంటే 1,200 పింఛను అందుకునే ముసలావిడే కట్టుకుంటుంది. ఏమీ కట్టనిది ఎవరు మరి? పింఛను ఆమెకు హక్కుగా ఎప్పటి నుంచో ఉంది, అందుకోవడానికి ఒక తలుపు నంబరు లేకపోయింది, అంతే.

ఈ పద్ధతికీ పరిమితులున్నాయి, దాచనక్కర్లేదు. ఫిన్లాండ్‌లో ఏళ్లుగా తగ్గుతూ వచ్చిన ఇల్లు లేనివాళ్ల సంఖ్య 2024లో 3,806కు పెరిగింది. గృహ భత్యాల కోత మొదలైన ఏడాదే అది జరిగింది. అంటే ఇల్లు ఇచ్చి వదిలేస్తే చాలదు, అద్దె సాయం ఆగకూడదు, వచ్చి పలకరించే మనిషి ఆగకూడదు. ఒంటరి మగవాడికి, అందునా మతి స్థిమితం లేదని పేరు పడ్డవాడికి, గది ఇవ్వడానికి ఇంటి యజమానులు జంకుతారు. కులం అడుగుతారు, యానాది అంటే తలుపు వేసేస్తారు. అందుకే ఒప్పందం మునిసిపాలిటీ పేరున ఉండాలి, అద్దె నెల మొదట్లో నేరుగా యజమాని ఖాతాలో పడాలి, పేచీ వస్తే తీర్చడానికి ఒక మనిషి ఫోన్‌కు అందాలి.

2019 అక్టోబరు నుంచి రాష్ట్రంలో వార్డు సచివాలయాలున్నాయి. పుత్తూరు అంత ఊళ్లో స్టేషన్ దగ్గర, గుడి మెట్ల మీద, మూసిన అంగళ్ల అరుగుల మీద రాత్రి ఎవరు పడుకుంటున్నారో ఆ సిబ్బంది ఒక వారంలో పేరు పేరునా రాయగలరు. కావలసిన ఉత్తర్వు చిన్నది. పాత కాగితాలు అడగకుండా 'ఈ మనిషి ఈ వార్డులో ఉంటున్నాడు' అని సచివాలయం రాసిస్తే దాన్నే చిరునామాగా ఒప్పుకోవాలి, ఆ కాగితం మీద మొదటి మూడు నెలల అద్దె విడుదల కావాలి. ఆ మూడు నెలల్లో కార్డూ పింఛనూ వచ్చి చేరతాయి.