పొగ తగ్గాక పిట్స్‌బర్గ్

పిట్స్‌బర్గ్ అనగానే మనవాళ్లకు పెన్ హిల్స్‌లోని వెంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. దర్శనానికి వచ్చిన బంధువుల్ని నేను మౌంట్ వాషింగ్టన్ కొండ మీదికి కూడా తీసుకెళ్తాను. 1877లో మొదలైన డ్యూకేన్ ఇన్‌క్లైన్ అనే కొండ రైల్లో పైకి వెళ్తే అలెగెనీ, మొనాంగహేలా నదులు కలిసి ఒహాయోగా మారే చోటు కనిపిస్తుంది. అందరూ ఫొటో తీసేది దాన్నే. మనం నిలబడ్డ కొండ పాత పేరు మాత్రం కోల్ హిల్. కొండల్లో బొగ్గు, సరుకు మోయడానికి నదులు, గ్రేట్ లేక్స్ మీదుగా వచ్చే ఇనుప ఖనిజం. ఇక్కడ ఉక్కు పరిశ్రమ పెరగడానికి కారణాలివి.

1940ల ఫొటోల్లో పట్టపగలే వీధి దీపాలు వెలుగుతుంటాయి. పొగ అంత దట్టం. మిల్లులు మూతపడ్డాకే ఆకాశం తేటపడిందని చాలామంది అనుకుంటారు. నిజానికి 1941లో పొగను అరికట్టే చట్టం చేశారు, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక గట్టిగా అమలుచేశారు. మిల్లులు జోరుగా నడుస్తున్న రోజుల్లోనే గాలి మెరుగుపడటం మొదలైంది.

నేను ఎక్కువగా కెమెరా పట్టుకుని తిరిగేది నగరం పక్కనే ఉన్న హోమ్‌స్టెడ్‌లో. 1892 జులై 6న కార్నెగీ ఉక్కు మిల్లు కార్మికులకూ, పడవల్లో దిగిన పింకర్టన్ ప్రైవేటు భద్రతా సంస్థ మనుషులకూ ఇక్కడ నది ఒడ్డునే కాల్పులు జరిగాయి. రెండు వైపులా ప్రాణాలు పోయాయి. తర్వాత రాష్ట్ర సైన్యం దిగింది, యూనియన్ దెబ్బతింది. ఉక్కు కార్మికులు మళ్లీ బలంగా కూడగట్టుకోవడానికి 1930ల దాకా పట్టింది. పాతబడ్డ కొలుములు, విదేశీ ఉక్కు పోటీ, 1980ల మాంద్యం కలిసి 1986లో ఆ మిల్లును మూయించాయి. ఇప్పుడక్కడ షాపింగ్ కేంద్రం, దాని పక్కన వరుసగా పన్నెండు పొగగొట్టాలు. పిట్స్‌బర్గ్ నగరమూ చిక్కిపోయింది: 1950లో 6,76,806 ఉన్న జనాభా 2020కి 3,02,971 అయింది.

పొగగొట్టాలు ఫొటోలో అందంగానే వస్తాయి. కానీ వాటి కింద పనిచేసినవాళ్లు అందులో ఉండరు. అందుకే పాత ఫొటోగ్రాఫర్ల దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్తాను. లూయిస్ హైన్ 1900ల తొలి దశకంలో ఇక్కడి వలస కార్మికుల ముఖాలను ఫొటో తీశాడు. టీనీ హారిస్ నగరంలోని హిల్ డిస్ట్రిక్ట్ అనే పేటలోని నల్లజాతివారి పెళ్లిళ్లు, దుకాణాలు, ఊరేగింపులు దశాబ్దాల పాటు తీశాడు. 1950ల్లో నగరాభివృద్ధి పేరుతో అక్కడి లోయర్ హిల్‌ను కూల్చి దాదాపు 8,000 మందిని ఖాళీ చేయించారు. ఆ జాగాలో 1961లో తెరిచిన సివిక్ అరీనా క్రీడామందిరాన్ని కూడా తర్వాత పడగొట్టేశారు. ఆ పేట ఎలా బతికిందో ఇవాళ తెలుస్తోందంటే అందులో హారిస్ ఫొటోల పాత్ర పెద్దది.

ఇక్కడి నుంచి మీకు చెప్పదలచింది ఒక్కటే. మన ఊళ్లలోనూ నూలు మిల్లులు, చక్కెర ఫ్యాక్టరీలు, గనులు ఉన్నాయి. మూతపడ్డాక గోడల అందం చూసి కెమెరా తీయడం తేలిక. అవి నడుస్తున్నప్పుడే షిఫ్టు దిగి వచ్చేవాళ్లను, క్వార్టర్లలో ఉండేవాళ్లను, గేటు ముందు టీకొట్టువాణ్ణి అడిగి ఫొటో తీయండి, ఫొటో వెనక పేరూ తేదీ రాసిపెట్టండి.